వల లాగినవారి కూలి – గేముల పైరసీపై ఒక పాఠం



వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు మేము రెండు రోజులు ఆలోచించాం. కంప్యూటర్లలో పి.జి. చేస్తున్నాం కాబట్టి ‘కంప్యూటర్ – ఉపయోగాలు’ అని రాసి ఇస్తే సరిపోయేది. కానీ అలాంటి వ్యాసం ప్రతి సంచికలోనూ ఉంటుంది. అందుకని మాకు స్వయంగా జరిగిన ఒక సంగతిని చెప్పి, దాని వెనుక ఉన్న పాఠాన్ని మీ ముందు పెడుతున్నాం.

గత సంక్రాంతి సెలవులు అయిపోయాక, తాడేపల్లిగూడెంలో మేముండే గదికి ఇంటర్ చదివే తమ్ముడొకడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో ఫోను. “అన్నా, మీ గేమ్ మొత్తం ఫ్రీగా దొరికిందన్నా! మా రూములో అందరికీ ఎక్కించాను” అన్నాడు. వాడి ముఖంలో సంతోషమే గాని జంకు లేదు. మా పేరు పదిమందికీ తెలిసేలా చేశానని వాడి ఉద్దేశం. మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. తిట్టడానికి నోరు రాలేదు, మెచ్చుకోవడానికి మనసు రాలేదు. ఈ వ్యాసం ఆ రోజు వాడికి చెప్పలేకపోయిన జవాబు.

ఆ గేమ్ ఎలా తయారైంది?

మేము ముగ్గురం ఏలూరు సాంఘిక సంక్షేమ హాస్టల్లో కలిసి పెరిగినవాళ్లం. మా ఇళ్లలో డిగ్రీ దాకా చదివిన మొదటివాళ్లం మేమే. పి.జి. ప్రాజెక్టుకు ఏదైనా మన ప్రాంతానిదే చేద్దామనుకుని, కొల్లేటి పక్షుల మీద ఒక చిన్న మొబైల్ గేమ్ మొదలుపెట్టాం. కైకలూరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రంలో పెలికాన్ పక్షులు ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. మన ఊళ్లలో వాటిని గూడబాతులంటాం. మా గేములో గూడబాతు వలలను తప్పించుకుంటూ చేపను పట్టి పిల్లల దగ్గరికి చేరాలి. అంతే కథ.

కథ చిన్నదే గాని పని చిన్నది కాదు. బొమ్మలు గీయడం, పక్షి రెక్క ఆడించడం, శబ్దాలు చేర్చడం, తప్పులు వెతకడం, తక్కువ ధర ఫోన్లలోనూ ఆగిపోకుండా చూడటం – ఇవన్నీ క్లాసులయ్యాక రాత్రిళ్లు చేశాం. ఎనిమిది నెలలు పట్టింది.

గూగుల్ ప్లే స్టోరులో గేమ్ పెట్టాలంటే ఖాతాకు ఒకసారి 25 డాలర్లు కట్టాలి. మన డబ్బులో రెండు వేలు దాటుతుంది. దసరా సెలవుల్లో మాలో ఇద్దరం తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో లెక్కలు రాసి ఆ డబ్బు కూడబెట్టాం. కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవారికి ఇంకొక నియమం కూడా ఉంది. 12 మంది చేత వరుసగా 14 రోజులు గేమును పరీక్ష చేయించాలి. ఆ పన్నెండుగురూ మన హాస్టలువాళ్లే.

మొదటి మూడు దశలు ఉచితంగా పెట్టి, మిగతావి ఆడాలంటే 29 రూపాయలు అని ధర పెట్టాం. అందులో స్టోరు వాటా పోతుంది. ఏడాదికి మొదటి పది లక్షల డాలర్ల ఆదాయం వరకు గూగుల్ 15 శాతం తీసుకునే పద్ధతి 2021లో వచ్చింది. కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్ మామూలుగా 30 శాతం తీసుకుంటుంది. ఉల్లి మార్కెట్లో కమిషన్ లాంటిదే ఇదీ. రైతుకు మార్కెట్ యార్డు ఎలాగో, గేమ్ చేసేవాడికి స్టోరు అలాగ.

పైరసీ అంటే ఏమిటి?

పైరసీ అనే మాటకు అసలు అర్థం సముద్రపు దొంగతనం. పుస్తకం, పాట, సినిమా, సాఫ్ట్‌వేర్ వంటివాటిని హక్కుదారు అనుమతి లేకుండా నకలు తీసి పంచడానికీ, అమ్మడానికీ ఆ మాటే వాడుకలోకి వచ్చింది.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ సినిమా. 2013లో ‘అత్తారింటికి దారేది’ సినిమా విడుదల కాకముందే దాదాపు గంటన్నర భాగం బయటికి వచ్చేసింది. కొల్లేటికి దక్షిణాన, కృష్ణా జిల్లా పెడనలో సీడీలు బయటపడటంతో పోలీసులు కేసు పెట్టి కొందరిని అరెస్టు చేశారు. అక్టోబరు 9న రావలసిన సినిమాను హడావుడిగా సెప్టెంబరు 27న విడుదల చేశారు. జనం థియేటర్లకు వెళ్లి చూశారు, సినిమా గట్టెక్కింది. అయితే పెద్ద సినిమాకు పోలీసులున్నారు, లాయర్లున్నారు, అభిమానులున్నారు. ఒకరో ఇద్దరో కూర్చుని సొంత ఖర్చుతో గేమ్ చేసేవారికి ఎవరున్నారు? అలా పెద్ద కంపెనీల అండ లేకుండా చేసేవారిని ఇండీ డెవలపర్లు అంటారు. హైదరాబాదులో ఓగ్రే హెడ్ స్టూడియో అనే చిన్న సంస్థ మన పురాణాల స్ఫూర్తితో చేసి 2017లో విడుదల చేసిన ‘అసుర’ ఇలాంటి గేమే.

తాళం ఎలా తీస్తారు?

ఇది సాంకేతిక విషయమైనా అర్థం చేసుకోవడం కష్టం కాదు. సినిమా హాలు గేటు దగ్గర టిక్కెట్టు చించే మనిషి ఉంటాడు కదా. గేమ్ లోపల కూడా అలాంటి చిన్న ప్రోగ్రాం ఒకటుంటుంది. “ఈ ఫోనువాడు డబ్బు కట్టాడా?” అని అది స్టోరును అడుగుతుంది. అవునంటే తలుపు తీస్తుంది, లేదంటే మూస్తుంది. తాళం తీసేవాడు గేమ్ ఫైలును విప్పి, ఆ ప్రశ్న దగ్గర ఏ జవాబు వచ్చినా ‘అవును’ అనే తీసుకునేలా మార్చేస్తాడు. మళ్లీ మూటకట్టి ‘మోడ్ ఏపీకే’ అని పేరుపెట్టి వదులుతాడు.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించాలి. ప్రతి ఆండ్రాయిడ్ ఫైలు మీదా దాన్ని చేసినవారి డిజిటల్ సంతకం ఉంటుంది. ఫైలును మార్చగానే ఆ సంతకం చెల్లదు. మార్చినవాడు తన సంతకం పెట్టుకోవాలి. అంటే మీ ఫోనులో ఎక్కింది మేము చేసిన గేమ్ కాదు, ముక్కూమొహం తెలియనివాడు సంతకం చేసిన ఫైలు. తాళం తీసే ఓపిక ఉన్నవాడు అందులో ఇంకేదైనా పెట్టగలడు. మెసేజులు చదివే ప్రోగ్రాం పెడితే, బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ వాడికి చేరుతుంది. మనలో చాలామంది ఫోన్లలోనే అమ్మానాన్నల బ్యాంకు ఖాతా కూడా ఉంటుంది.

పైరసీ నడిపేవారు ఊరికే పంచరు. ప్రకటనల మీద సంపాదిస్తారు. 2025 నవంబరులో ఐబొమ్మ సైటు నిర్వాహకుడన్న ఆరోపణపై ఒకరిని అరెస్టు చేసినప్పుడు, ఆ సైటు నుంచి జనాన్ని బెట్టింగు యాపులవైపు మళ్లించారని హైదరాబాద్ పోలీసులు చెప్పారు. ఉచితం అన్నదానికి ఖరీదు ఇంకొకచోట కడుతున్నామన్నమాట.

చేప పోయిందా, కూలి పోయిందా?

ఆ వారం ఇంటికి వెళ్లినప్పుడు ఈ సంగతి నాన్నతో చెప్పాం. నాన్న కొల్లేటి చెరువుల మీద వల లాగే కూలీ. పట్టుబడి అర్ధరాత్రి దాటాక మొదలవుతుంది. నీళ్లలో దిగి వల చుట్టి, శీలావతి, బొచ్చె చేపల్ని గట్టుకు చేర్చి, తూకం వేసి, ట్రేలలో ఐసు సర్ది లారీకెక్కించేసరికి తెల్లారుతుంది. లారీ కలకత్తా దారి పడుతుంది. నాన్న ఇంటికొస్తాడు.

నాన్నకు అర్థం కావాలని, “మన చెరువులో చేపలు ఎవరో రాత్రిపూట పట్టుకుపోయినట్టు” అని చెప్పాం.

నాన్న ఒప్పుకోలేదు. “చేపలు పట్టుకుపోతే చెరువులో తగ్గాలిగా. మీ ఆట మీ దగ్గర తగ్గిందా?”

“తగ్గలేదు.”

“మరి దొంగతనం ఎలా అవుద్ది?”

పి.జి. చదువుతున్న మాకు జవాబు రాలేదు. కాసేపయ్యాక నాన్నే అన్నాడు. “ఒకసారి పట్టుబడి అయ్యాక కలకత్తాలో రేటు పడిపోయిందని మా మేస్త్రీ కూలి ఎగ్గొట్టాడు. మా వలా పోలేదు, మా చేతులూ పోలేదు. రాత్రంతా చేసిన పని పోయింది. మీది అదిరా.”

ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్న అసలు విషయం ఇదే. గేమ్ మొదటి ప్రతి తయారు కావడానికి నెలల శ్రమ పడుతుంది. రెండో ప్రతికి పైసా ఖర్చు లేదు. కాబట్టి ధర అనేది ఫైలుకు కాదు, ఆ మొదటి ప్రతి వెనుక ఉన్న పనికి. ఒకరి ఎనిమిది నెలల కూలిని వేలమంది తలా కొంచెం పంచుకుని కట్టే పద్ధతే గేమ్ ధర. అందరూ “నా ఒక్కడి 29 రూపాయలతో ఏమవుతుందిలే” అనుకుంటే ఆ కూలి ఎక్కడా జమ కాదు. మన ఇళ్లలో కూలి ఎగ్గొట్టడం అంటే ఏమిటో పుస్తకం చూసి నేర్చుకోనక్కర్లేదు.

ప్రపంచంలో ఏం జరిగింది?

ఇది మా ఒక్కరి కష్టం కాదు. 2008లో ‘వరల్డ్ ఆఫ్ గూ’ అనే గేమును ఇద్దరు స్నేహితులు పెట్టిన చిన్న సంస్థ విడుదల చేసింది. తాళమేదీ వేయలేదు. ఆడుతున్న ప్రతుల్లో నూటికి 80కి పైగా కొననివేనని వారి అంచనా.

2013 ఏప్రిల్లో గ్రీన్‌హార్ట్ గేమ్స్ అనే సంస్థ చేసిన పని మరీ ఆసక్తికరం. ప్యాట్రిక్ క్లుగ్, డేనియల్ క్లుగ్ అనే అన్నదమ్ములు దీన్ని నడిపారు. వారి గేమ్ పేరు ‘గేమ్ డెవ్ టైకూన్’. అందులో మనమే ఒక గేముల కంపెనీ పెట్టి నడపాలి. అప్పటి ధర సుమారు 8 డాలర్లు. విడుదల రోజునే వారు తమ గేమ్ నకలును తామే టొరెంటులో పెట్టారు. అందులో ఒక్కటే తేడా. కొంతసేపు ఆడాక, ఆటలోని మన కంపెనీ గేములను జనం కొనకుండా నకలు తీసుకుంటున్నారని కబురు వస్తుంది. ఎంత మంచి గేమ్ చేసినా అమ్ముడుపోదు. చివరికి కంపెనీ దివాలా తీస్తుంది. ఒక రోజు గడిచాక లెక్క చూస్తే అసలు గేమ్ ఆడినవారు 214 మంది, నకలు ఆడినవారు కనీసం 3,104 మంది. అంటే నూటికి 93 మందికి పైగా. వారిలో కొందరు “ఈ పైరసీ వల్ల మా కంపెనీ మునిగిపోతోంది, ఆపే దారి చెప్పండి” అని అడిగారట! ఆటలో తన కూలి పోయేసరికి వారికి నొప్పి తెలిసింది.

2015 జనవరిలో ‘మాన్యుమెంట్ వ్యాలీ’ తయారుచేసిన అస్‌ట్వో సంస్థ, ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కిన తమ గేముల్లో డబ్బు కట్టినవి 5 శాతమేనని చెప్పింది. ఒకసారి కొన్నవారు రెండు మూడు ఫోన్లలో ఎక్కించుకోవడం కూడా ఆ లెక్కలో కొంత ఉందని తరువాత వివరణ ఇచ్చింది.

అయితే లెక్కను ఒకవైపే చూడకూడదు. నకలు ఆడిన 3,104 మందీ నకలు దొరక్కపోతే కొనేవారా? కాదు. రిఫ్లెక్సివ్ అనే గేముల సంస్థ 2008లో తన అనుభవం చెప్పింది. తాళాలు గట్టిచేసి వెయ్యి నకళ్లను ఆపితే, అదనంగా అమ్ముడైంది ఒక్క ప్రతి అని వారి లెక్క. కాబట్టి నకళ్ల సంఖ్యను ధరతో హెచ్చవేసి “ఇంత నష్టం” అని చెప్పడం నిజాయితీ కాదు. కొనగలిగి కూడా కొననివారి దగ్గరే అసలు నష్టం. కొనలేనివారి సంగతి వేరు.

ఆ కొనలేనివారి గురించి ఆలోచించిన డెవలపర్లూ ఉన్నారు. 2017 ఆగస్టులో పోలెండుకు చెందిన ముగ్గురు యువకులు ‘డార్క్‌వుడ్’ అనే గేమ్ విడుదల చేశారు. ఒకరు గేమ్ కొని, నెలాఖరున బిల్లు చూసి అమ్మానాన్నలు కంగారుపడతారని డబ్బు వాపసు అడిగారు. అది చదివి వారు పూర్తి గేమును తామే టొరెంటులో ఉచితంగా పెట్టారు. నచ్చితే, డబ్బున్నప్పుడు కొనమని మాత్రం కోరారు. నెలాఖరు కంగారు పోలెండులోనూ ఉంటుందని మాకు అప్పుడే తెలిసింది.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం ఉంది. 1984 సవరణతో కంప్యూటర్ ప్రోగ్రాం కూడా సాహిత్య రచనతో సమానంగా ఈ చట్టం కిందికి వచ్చింది. అంటే మనం రాసిన ప్రోగ్రాంకు, ఒక నవలకు ఉన్నంత రక్షణ ఉంది. హక్కు రచన చేసిన క్షణం నుంచే పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచయిత జీవితకాలమంతా, ఆ తరువాత 60 ఏళ్ల వరకు ఉంటుంది.

63వ సెక్షన్ ప్రకారం తెలిసి హక్కును ఉల్లంఘిస్తే 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. 63బి సెక్షన్ కింద, నకలు ప్రోగ్రాం అని తెలిసి కంప్యూటరులో వాడటం కూడా నేరమే. లాభం కోసం కాకపోతే జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో సరిపెట్టే అధికారం కోర్టుకు ఉంది. 2012 సవరణతో వచ్చిన 65ఎ సెక్షన్, హక్కును ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీయడాన్ని నేరంగా చేసింది. అదే చట్టం, న్యాయంగా కొన్నవారు పోతుందేమోనన్న భయంతో ఒక ప్రతి దాచుకోవడాన్ని తప్పనలేదు.

ఇవి మిమ్మల్ని భయపెట్టడానికి రాయలేదు. పరీక్షల్లో అడుగుతారు కాబట్టీ, రేపు మీరు ఏదైనా తయారుచేస్తే మీ హక్కు మీకు తెలియాలి కాబట్టీ రాశాం.

మా తప్పు కూడా చెప్పాలి

ఇంతవరకు చదివి మమ్మల్ని నీతిమంతులనుకోవద్దు. డిగ్రీలో మేము నేర్చుకున్న బొమ్మల సాఫ్ట్‌వేర్ తాళం తీసిందే. పెన్‌డ్రైవులో తెచ్చుకున్నాం. వేలకు వేలు పెట్టి కొనే స్థితి లేదు, నేర్చుకోకుండా ఉండే స్థితీ లేదు. ఆ రోజు ఆ తమ్ముడిని తిట్టలేకపోవడానికి కారణం ఇదే.

అయితే మాకు అప్పుడు తెలియని విషయం ఒకటుంది. ఉచితంగా, న్యాయంగా దొరికే పనిముట్లు అప్పటికే ఉన్నాయి. గేములు చేయడానికి గోడో అనే సాఫ్ట్‌వేర్ 2014 నుంచి అందరికీ ఉచితం. దాని మూలప్రోగ్రాం కూడా తెరిచే ఉంది. త్రీడీ బొమ్మలకు బ్లెండర్ ఉంది. 2002లో దాన్ని వాడేవారే చందాలు వేసుకుని లక్ష యూరోలు పోగుచేసి అందరి సొత్తు చేశారు. 2025లో ఆస్కార్ అందుకున్న ‘ఫ్లో’ అనే లాత్వియా యానిమేషన్ సినిమాను బ్లెండర్‌తోనే చేశారు. ఫొటోలకు గింప్, బొమ్మలకు కృత, శబ్దాలకు ఆడాసిటీ ఉన్నాయి. ఇవి మాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే పెన్‌డ్రైవు పట్టుకుని తిరిగేవాళ్లం కాదు. మా గేమును పూర్తిగా ఉచిత సాఫ్ట్‌వేరుతోనే చేశాం. మీకు ఆ మాట ముందే చెబుతున్నాం.

మేమేం చేశాం, మీరేం చేయాలి?

మా గేములో ఇంకా గట్టి తాళాలు వేయలేదు. దానివల్ల న్యాయంగా కొన్నవారికే ఇబ్బంది. నకలు ఫైళ్ల మీద స్టోరుకు ఫిర్యాదు పెట్టాం. ఒకచోట తీసేస్తే ఇంకొకచోట వచ్చింది. తరువాత గేము మొదటి పేజీలోనే ఒక మాట చేర్చాం: “కొనే వీలు లేని విద్యార్థులు మాకు రాయండి, ఉచితంగా పంపుతాం.” ఇప్పటివరకు కొన్నవారిని మా ముగ్గురి చేతివేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రాసి అడిగినవారు అంతకంటే తక్కువ. అడగడం కంటే ఊరికే తీసుకోవడం తేలికని దీన్నిబట్టి తెలిసింది. అయినా ఆ మాట తీసేయలేదు.

ఆ తమ్ముడికి తాళం ఉన్న అసలు గేమ్ ఎక్కించి, నకలు తీసేయించాం. “డబ్బు లేకపోతే పని ఇవ్వు, తప్పులు వెతికి పెట్టు” అన్నాం. వాడిది కొల్లేటి లంక గ్రామం. నాలుగు రోజుల్లో మూడు తప్పులు పట్టుకొచ్చాడు. అందులో ఒకటి, మేము గూడబాతు చేపను ముక్కుతో పొడిచి పట్టినట్టు గీశామట. “అది పొడవదన్నా, సంచితో ముంచి పడుతుంది” అన్నాడు. ఎనిమిది నెలల్లో మాకు తట్టని సంగతి అది. గేము చివర వాడి పేరు వేశాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీకు చెప్పేది నాలుగు మాటలు. ఉచితంగా ఇచ్చిన గేములు ఎన్నో ఉన్నాయి, ముందు అవి ఆడండి. ధర ఉన్నది నచ్చితే తగ్గింపు వచ్చేదాకా ఆగండి. కొనలేకపోతే చేసినవారికి ఒక ఉత్తరం రాయండి. తెలియనివాడి ఫైలును ఫోనులో, ముఖ్యంగా ఇంట్లోవాళ్ల ఫోనులో ఎక్కించకండి.

ముగింపు

మన అమ్మానాన్నలు పనిచేసిన చోట కూలి అడగటానికి తరతరాలుగా కష్టపడ్డారు. మనం ఇప్పుడు చదువుకుని కొత్త రకం పనుల్లోకి వెళుతున్నాం. ఈ పనుల్లో గట్టు కనబడదు, వల కనబడదు, చెమట కనబడదు. కనబడనంత మాత్రాన పని లేనట్టు కాదు. రేపు మీలో ఒకరు గేమ్ చేయవచ్చు, పాట రాయవచ్చు, పాఠాల యాప్ చేయవచ్చు. ఆనాడు మీ కూలి మీకు రావాలంటే, ఈనాడు ఎదుటివాడి కూలిని గుర్తించడం అలవాటు చేసుకోవాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాం.

ఆలోచించి జవాబు రాయండి

1. చెరువులో చేప దొంగతనానికీ, గేమ్ నకలు తీయడానికీ తేడా ఏమిటి?
2. మార్చిన ఆండ్రాయిడ్ ఫైలు మీద ఎవరి సంతకం ఉంటుంది? దానివల్ల ప్రమాదం ఏమిటి?
3. నకళ్ల సంఖ్యను ధరతో హెచ్చవేస్తే అసలు నష్టం వస్తుందా? ఎందుకు?
4. కొనే స్థోమత లేని విద్యార్థికి గేమ్ ఇవ్వాలా, వద్దా? మీ అభిప్రాయాన్ని పది వాక్యాల్లో రాయండి.

– పూర్వ విద్యార్థి, ఎం.సి.ఏ. ద్వితీయ సంవత్సరం, తాడేపల్లిగూడెం